సైకిల్ బాడుగ

మైదాన్ సినిమా 2024లో రిలీజైనప్పుడు మేం థియేటర్‌కి పోలేదు, పరీక్షలు. తర్వాత ఎప్పుడో ఒక రాత్రి హాస్టల్ రూములో ఒక్క లాప్‌టాప్ ముందు ఏడుగురం ఇరుక్కొని కూర్చొని చూశాం. అయిపోయాక అందరూ కోచ్ రహీం గురించీ, అజయ్ దేవ్‌గణ్ యాక్టింగ్ గురించీ మాట్లాడుకుంటుంటే, నాకు మాత్రం ఆ జట్టులోని సికింద్రాబాద్ కుర్రాడు బుర్రలో ఉండిపోయాడు. పేరు తులసీదాస్ బలరాం. "సినిమా కోసం పుట్టించిన క్యారెక్టర్ కాదురా, నిజం మనిషే. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినాడు" అంటే రూములో ఎవడూ నమ్మలేదు. ఫోన్ తీసి చూపించాల్సొచ్చింది. "హైదరాబాద్‌లో ఫుట్‌బాలా?" అన్నాడు మా మెకానికల్ మిత్రుడు, "హైదరాబాద్‌లో సముద్రమా?" అన్నట్టు.

ఆయన గురించి నేను అంతగా వెతకడానికి సినిమా ఒక్కటే కారణం కాదు. అప్పటికి మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తాంది.

మాది అనంతపురానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. ఆరెకరాల ఎర్ర నేల, అందులో శనక్కాయ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. అది కూడా పడాల్సిన రోజున పడదు. విత్తనం వేసినాక నెల రోజులు మొహం చాటేసి, కాయలు పీకి కుప్ప వేసినాక వస్తుంది. మా చెల్లెలు పదో తరగతి. దానికి ఫుట్‌బాల్ పిచ్చి. ఊళ్ళో గ్రౌండ్ లేదు, చెరువు ఉంది. చెరువులో నీళ్ళు ఉండవు కాబట్టి అదే గ్రౌండ్. ఒక పక్క కంప చెట్లు, ఇంకో పక్క బర్రెలు, మధ్యలో నాలుగు ఇటుకలు పెడితే రెండు గోల్ పోస్టులు. పల్లేరు ముళ్ళు ఏరుకొని ఆట మొదలు. ఒక ఏడాది మంచి వానలొచ్చి చెరువు నిండింది. ఊరంతా గంగమ్మకి టెంకాయ కొట్టి మొక్కుతాంటే, మా చెల్లెలు కట్ట మీద కూర్చొని నీళ్ళ వైపు దిగులుగా చూసింది. పైకి ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో చెరువు నిండిందని బాధపడేవాళ్ళు ఉండకూడదు కదా.

స్కూలు పీఈటీ సార్ దాని ఎడమ కాలి ఆట చూసి, అనంతపురంలో సాయంత్రాలు కోచింగ్ ఉంది, పంపించండి అన్నాడు. పంచాయితీ అక్కడ మొదలైంది. కోచింగ్‌కి ఫీజు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడోళ్ళకి టికెట్ కూడా లేదు. కానీ మా ఊరికి పొద్దు గూకినాక బస్సు కూడా లేదు. రిటర్న్‌కి షేర్ ఆటోనే గతి. మా నాయన లెక్క తీశాడు. నెలకి ఆటో ఇంత, బూట్లు ఇంత, గుడ్లూ పాలూ ఇంత. చివర్లో ఎప్పుడూ అడిగే ప్రశ్న: "ఇదంతా ఆడితే ఏమొస్తాది?"

ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కడినే కాబట్టి జవాబు నేను చెప్పాలి. "నువ్వు సదువుకున్నోనివి, సెప్పు నాయనా" అన్నాడు. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు ప్యాకేజీ చెప్పినట్టు ఫుట్‌బాల్‌కి ఎవరు చెబుతారు? అందుకే, ఆడినవాళ్ళకి ఏమొచ్చిందో చూద్దామని మొదలుపెట్టాను. మొదట పట్టుకున్నది బలరాంనే.

ఆయన 1936లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద తమిళ కుటుంబం. చుట్టూ మిలిటరీ వాళ్ళ మైదానాలు, అక్కడ ఆడే సిపాయిలను చూసి ఆట పట్టుకున్నాడు. ఆయన పెరిగేటప్పుడు హైదరాబాద్ అంటే ఫుట్‌బాలే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన అసలు పని బడి పంతులు. మా మెకానికల్ మిత్రుడు నోరు తెరిచిన చోటు ఇదే.

ఇక్కడ బూట్ల సంగతి ఒకటి చెప్పాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ దెబ్బకి మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఆటకి అది మంచిదే. కానీ పేదోడి ఇంట్లో పిల్లోడికి అప్పటిదాకా ఉత్త పుణ్యానికి దొరికిన ఆటకి ఒక ఎంట్రీ ఫీజు వచ్చినట్టయింది. బలరాం మొదటి బూట్లు, పారేసిన పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించుకున్నవట. పెద్దయ్యాక ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి సంగతి. రహీం ఈ కుర్రాడి ఆట చూసి హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకి రమ్మన్నాడు. రోజూ అమ్ముగూడ నుంచి ఊళ్ళోకి రావడానికి నా దగ్గర డబ్బుల్లేవన్నాడు బలరాం. ఆ కాలంలో సైకిళ్ళు అద్దెకి దొరికేవి. సైకిల్ బాడుగ డబ్బులు రహీమే ఇచ్చాడు.

అంతే. స్కాలర్‌షిప్ కాదు, అకాడమీ కాదు. ఒక సైకిల్ బాడుగ. ఆ రోజు ఆ చిల్లర లేకపోతే భారత ఫుట్‌బాల్‌కి ఒక ఫార్వర్డ్ తక్కువయ్యేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలిసేది కూడా కాదు. మన పల్లెల్లో అలా తెలియకుండా తక్కువైపోయినవాళ్ళు ఎంతమందో. ఆటోకి డబ్బుల్లేక ఆగిపోయిన ఆట పేపర్లో పడదు కదా.

సైకిల్ ఎక్కిన తర్వాత ఆయన ఎక్కడికి పోయాడో చూడండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో ఉన్నాడు, ఇరవై ఏళ్ళకే. ఆ ఏడాది మనం ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచాం. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ వరసగా రెండేళ్ళు గెలిస్తే అందులోనూ ఆయన ఆట ఉంది. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ పిలిచింది. 1960 రోమ్‌లో మనకి పడిన గ్రూపు హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 1-2, పెరూతో 1-3. ఓడిన ఆ రెండు మ్యాచుల్లో మన గోల్ రెండుసార్లూ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ పి.కె. బెనర్జీది. పి.కె., చునీ గోస్వామి, బలరాం. ఆ ముగ్గురి పేర్లు అప్పట్లో ఒక్క ఊపిరిలో చెప్పేవారు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆ తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. రాజకీయ గొడవల వల్ల స్టేడియంలో జనమంతా మనకి వ్యతిరేకం. మనం 2-1తో గెలిచాం. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి వచ్చిన చివరి స్వర్ణం ఇప్పటికీ అదే. ఆ ఏడాదే ఆయనకి అర్జున అవార్డు.

ఇదంతా ఫోన్‌లో మా నాయనకి చెప్పాను. మొత్తం విని, "బాగుంది. డబ్బులెంత ఇచ్చినారు?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అది ఆటల చరిత్రలో చాలా పెద్ద ప్రశ్న. ఆడటం పనేనా? పనైతే కూలి ఏది? అమెరికాలో వాళ్ళ ఫుట్‌బాల్ వేరు, చేత్తో పట్టుకొని, మనుషుల్ని గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. అందులో డబ్బు తీసుకొని ఆడిన మొదటి ఆటగాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్ అని చెబుతారు. 1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్‌లో ఒక్క మ్యాచ్‌కి అల్లెగెనీ క్లబ్ ఆయనకి 500 డాలర్లు ఇచ్చింది. ఆ మ్యాచ్‌లో ఒకే ఒక్క టచ్‌డౌన్, అది కొట్టింది ఆయనే. కానీ అప్పట్లో ఆటకి డబ్బు తీసుకోవడం తప్పు. అందుకని ఆ సంగతి చాన్నాళ్ళు బయటికి రాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత క్లబ్బు ఖర్చుల పద్దు దొరికితే అందులో ఆయన పేరు పక్కన 500 అని ఉంది. ఒక వృత్తి పుట్టిన రోజు మనకి తెలిసింది ఒక పద్దు కాగితం వల్ల!

జిమ్ థోర్ప్ కథ ఇంకా బాధగా ఉంటుంది. అమెరికా ఆదివాసీ బిడ్డ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు చిన్న బేస్‌బాల్ జట్టులో కాస్త డబ్బు తీసుకొని ఆడాడని తెలిసి 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. తర్వాత 1915లో క్యాంటన్ బుల్‌డాగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌కి 250 డాలర్లిచ్చి తీసుకుంది. 1920లో మొదలై తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ అయిన లీగ్‌కి మొదటి అధ్యక్షుడు ఆయనే. అలాంటి మనిషి ఆట అయిపోయాక కూలీ పనులు కూడా చేసి, 1953లో చేతిలో డబ్బుల్లేని స్థితిలో పోయాడు. ఒలింపిక్ చాంపియన్ ఆయనొక్కడే అని పూర్తిగా ఒప్పుకున్నది 2022లో. నూటపదేళ్ళు పట్టింది.

మన దేశంలో ఇంకో దారి పట్టారు. కాగితం మీద అందరూ అమెచ్యూర్లే. జీతం ఆటకి కాదు, ఉద్యోగానికి. పోలీసు జట్టులో ఆడితే పోలీసు, రైల్వే జట్టులో ఆడితే రైల్వే. మా నాయన తరం వాళ్ళు "స్పోర్ట్స్ కోటా" అని ఆశగా పలికే మాట ఆ కాలం నుంచి వచ్చిందే. అది తక్కువ సంగతేం కాదు. పేదింటి పిల్లలకి ఆట ఒక సర్కారు ఉద్యోగానికి నిచ్చెన అయింది. కాకపోతే ఆ నిచ్చెనలో ఒక లోపం ఉంది. జీతం వచ్చేది ఉద్యోగానికి, అరిగిపోయేది ఒళ్ళు. ఒళ్ళు ఆగిపోతే ఉద్యోగం ఉంటుందేమో గానీ, ఆట ఉండదు.

బలరాంకి సరిగ్గా అదే అయింది. 1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ నుంచి బీఎన్‌ఆర్ రైల్వే జట్టుకి మారాడు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇరవై ఏడేళ్ళ లోపే ఆట బందు. రహీం కూడా అదే ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. సైకిల్ బాడుగ ఇచ్చిన మనిషి, ఆ సైకిల్ ఎక్కిన మనిషి ఆట, రెండూ ఒకే ఏడాది ఆగిపోయాయి.

మన క్లాసుల్లో ఇరవై ఏడంటే ఏంటి? మూడో కంపెనీ మారే వయసు. ఆయన కెరీర్ మొత్తం అప్పటికి అయిపోయింది. ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్ళు బతికాడు. పెళ్ళి చేసుకోలేదు. హుగ్లీ నది పక్కన ఉత్తర్‌పారాలో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవాడు. పి.కె., చునీ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకి రాలేదు. 2020లో నెలన్నర తేడాలో వాళ్ళిద్దరూ పోయారు. ముగ్గురిలో చివరివాడు 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. మైదాన్ రిలీజ్ అయ్యే నాటికి ఆయన లేడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా చెల్లెలికి చెప్పాల్సిన కథలో సగం ఇది. బూట్లు, సైకిల్, రోమ్, జకార్తా వరకు చెప్పి ఆపేస్తే మోటివేషన్ వీడియో అవుతుంది. ఇరవై ఏడు దగ్గర మొదలుపెట్టి చెబితే భయపెట్టినట్టవుతుంది. రెండూ చెబితేనే నిజం.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నలుగురి ముందూ రెండూ చెప్పాను. మా నాయన తలాడించి, "నేను సెప్పేది కూడా అదే. పంట పోతే బీమా అన్నా ఉండాది. కాలు పోతే యాడుంది బీమా?" అన్నాడు. ఈ మాట నాకు చాలా సరైనదిగా అనిపించింది. ఆటని తక్కువ చేసి అన్న మాట కాదది. ఆరెకరాల మీద ముప్పై ఏళ్ళుగా పందెం కాస్తున్న మనిషి, పందెంలో ఓడితే ఏం మిగులుతుందో ముందు చూసుకోమని చెబుతున్నాడు. హెఫెల్‌ఫింగర్ నుంచి బలరాం దాకా ఎవరి కాంట్రాక్టులోనూ లేని లైను అది.

మా అమ్మ పొయ్యి కాడ నుంచే అనింది: "ఏమయ్యా, ఏటా మోడాన్ని నమ్మి ఇత్తనం ఏస్తావు. ఎన్నిసార్లు మోసం చేసిండాది అది? బిడ్డని నమ్మి ఆటో చార్జీ ఇయ్యలేవా?"

దానికి మా నాయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కాసేపు అందరం పొయ్యిలో మంట చూసుకుంటూ కూర్చున్నాం.

చివరికి తేలిందేంటంటే, చెల్లెలు వారానికి నాలుగు రోజులు పోతుంది. చదువు ఆపేది లేదు. ఇంటర్‌లో చేరాల్సిందే, ఆ షరతు మా నాయనది. రాత్రి ఆటోలో మా చిన్నాయన కూతురు తోడు పోతుంది. ఆ పిల్ల కూడా ఇప్పుడు గోల్‌కీపర్‌గా నిలబడుతోందట, ఊరికే కూర్చోవడం ఎందుకని. ఆటో డబ్బుల్లో సగం నా మెస్ బిల్లులో మిగిల్చిన దాని నుంచి. ఇందులో త్యాగమేం లేదు, సాయంత్రం బజ్జీలు మానేశాను, అంతే. కడుపు కూడా బాగుంది.

చెల్లెలిని అడిగాను, "ఇరవై ఏడుకే అయిపోతే?" అని. అది కాసేపు ఆలోచించి, "అన్నా, నాకింకా పదైదే. ఇంకా పన్నెండేళ్ళు ఉండాయి కదా" అనింది. లెక్క కరెక్టే. దాని తరం పక్కన నిలబడి ఆ పన్నెండేళ్ళ తర్వాత సంగతి చూడాల్సింది అది కాదు, మనం. మందుల ఖర్చు, చదువు, ఆట ఆగినాక చేసే పని, ఇవన్నీ బీమా లాగా ముందే రాసి పెట్టమని అడగాల్సింది జట్లు నడిపేవాళ్ళని, లీగులు పెట్టేవాళ్ళని. రేపు మనలో కొందరు అలాంటి కంపెనీల్లో, ఆఫీసుల్లో సంతకాలు పెట్టే కుర్చీల్లో ఉంటాం. అప్పుడు గుర్తుపెట్టుకుంటే చాలు.

మన అనంతపురానికి ఆట కొత్తేం కాదు. కరువు జిల్లా అని పేరున్న ఈ ఊళ్ళోనే ఆర్డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు ఇక్కడే మొదలైంది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఇక్కడే జరిగితే మనమే క్లాసులు ఎగ్గొట్టి పోయాం. పచ్చటి గ్రౌండ్లు ఉన్నాయి, కోచ్‌లు ఉన్నారు. పల్లెకీ గ్రౌండ్‌కీ మధ్యన ఉన్న ఆ ఇరవై కిలోమీటర్లే కష్టం. రహీం ఆ రోజు పూడ్చింది కూడా సరిగ్గా ఆ దూరాన్నే. దానికి పెద్ద పదవి అక్కర్లేదు, పెద్ద జీతం అక్కర్లేదు. ఆయన బడి పంతులే కదా.

చివరగా ఒక రిక్వెస్ట్. ఇది మ్యాగజైన్ కమిటీ వాళ్ళని అడిగే రాస్తున్నాను. మా చెల్లెలి బూట్ల అడుగు ఊడిపోయింది, ఫెవిక్విక్ మీద నడుస్తోంది. దాని జట్టులో ఇంకో నలుగురికి అసలు బూట్లే లేవు. హాస్టల్ మంచాల కింద ఫస్టియర్‌లో ఉత్సాహంగా కొని, రెండుసార్లు వేసుకొని వదిలేసిన స్టడ్స్ చాలా ఉన్నాయని నాకు తెలుసు. నాలుగు, ఐదు, ఆరు నంబర్లు ఏవైనా పర్వాలేదు. బీ బ్లాక్ 214లో ఇవ్వండి. సాక్సులు ఉతికి ఇస్తే ఇంకా సంతోషం.